పడుగు దిక్కు

ఫిబ్రవరి 24, సోమవారం

ఓంప్రకాష్ సేఠ్ ఎట్టకేలకు ఊఁ అన్నాడు. రెండు నెలలు నానబెట్టి నా ప్రాణం తోడేసి, ఇవాళ మధ్యాహ్నం భోంచేసి చెయ్యి తుడుచుకుంటూ, సరే రావ్ సాబ్, మీ గుడ్డ బాగోతమే కానివ్వండి అన్నాడు హిందీలో. గుడ్డ బాగోతమట. ముప్ఫై ఏళ్ళుగా గుడ్డ అమ్ముకుని బతుకుతున్న మనిషి అనాల్సిన మాటేనా.

సూరత్ పక్కన సచిన్‌లో అతని కార్ఖానా కట్టి కూడా ముప్ఫై ఏళ్ళే. కింద హాల్లో కండెలు చుడతారు, పడుగులు తయారుచేస్తారు. పైన ఇరవైనాలుగు సాంచలు ఆడతాయి. మరమగ్గాలు అనడం మానేసి నేను కూడా ఇక్కడి తెలంగాణ వాళ్ళలా సాంచలు అంటున్నానని పద్మిని నవ్వుతోంది. పెళ్ళాం నవ్వితే నవ్వనీ. ఆ సాంచల బరువూ, వాటి అదురూ మోసేవి ఎనిమిది బీములు. మునుపు పైన నీళ్ళతో ఆడే సాంచలు ఉండేవట. ఆ నీళ్ళు స్లాబులోంచి దిగి దిగి, బీముల్లో ఇనుము తుప్పుపట్టి ఉబ్బింది. అడుగున కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది.

సేఠ్ మధ్యలో ఇనప స్తంభాలు నిలబెడదామన్నాడు. నిలబెడితే పడుగు మిషను ఎక్కడ పెడతాడు, వాళ్ళ అత్తగారింట్లోనా? కార్బన్ పట్టీలు జిగురుతో అంటించే పద్ధతి ఉంది కానీ, నూలు దుమ్ము నిండిన చోట నిప్పంటుకుంటే ముందు చేతులెత్తేసేది ఆ జిగురే. అందుకే నా పద్ధతి. గాజు పోగులతో వలలా నేసిన బట్టను సిమెంటు గారలో పొరలు పొరలుగా ఇమిడ్చి బీముకు తొడుగు వేస్తాం. సూరత్‌లో బట్ట సంగతి తెలియనివాడు లేడు, బట్టతో బీమును గట్టిపరచొచ్చంటే నమ్మేవాడు లేడు.

హజీరా ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరయ్యాక ఇదే నా మొదటి సొంత పని. నెత్తిన పెద్దసార్లు లేరు. గీసేది నేనే, సంతకం పెట్టేదీ నేనే. అరవై రెండేళ్ళ వయసులో ఇంత సంబరం సిగ్గుచేటే, అయినా సంబరంగానే ఉంది.

మార్చి 1, శనివారం

కుడి మోకాలు మళ్ళీ వాచింది. పద్మినికి చెబితే పని మానమంటుంది. సేఠ్‌కి తెలిస్తే వేరే ఇంజనీరును చూసుకుంటాడు. ఎవరికీ చెప్పను.

మార్చి 5, బుధవారం

ఐదు బీములు అయిపోయాయి. కాంట్రాక్టరు మనుషులు ఆరుగురు, బీహారు వాళ్ళు, చెప్పింది చెప్పినట్టు చేస్తారు. ఊడే కాంక్రీటంతా కొట్టేసి, ఇనుము తుప్పు గీకి, బీమును బాగా తడిపి, ఒక పొర గార వేసి, అందులోకి బట్టను చేత్తో అదిమి, మళ్ళీ గార, మళ్ళీ బట్ట, పైన గార. అంతా కలిపి బొటనవేలు మందం కూడా ఉండదు. బీము అడుగున మొత్తం, రెండు పక్కలా జానెడు జానెడు. బట్ట చుట్టిన రోలు వెడల్పు మీటరు, మాకు కావలసింది అర మీటరు పైచిలుకు. అంటే పొడుగునా చీల్చాక రెండో సగం పనికిరాదు. సగం బట్ట పారేస్తున్నారని సేఠ్ గోల. ఏడవనీ. బట్ట కోసిన ప్రతిసారీ పక్కనే నిలబడ్డాను, ప్రతి బీముకూ నిచ్చెనెక్కి చేత్తో తడిమాకే సంతకం పెట్టాను. మోకాలు తిట్టింది. తిట్టనీ.

పని జరిగినన్నాళ్ళూ సాంచలు ఆపేశారు. సాంచ ఆగితే ఆడించేవాళ్ళకి కూలి ఆగినట్టే. అయినా పైన సాంచలు చూసుకునే మిస్త్రీ నరహరి రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. వాళ్ళ నాయన సిరిసిల్ల నుంచి వచ్చాడట, ఇతను ఇక్కడే లింబాయత్‌లో పుట్టాడు. భార్య స్వరాజ్యం కింద హాల్లో కండెలు చుడుతుంది, ఆరో నంబరు బీము కిందే ఆవిడ మిషను. ఇవాళ నరహరి గాజు బట్ట పట్టుకుని వేళ్ళతో రాసి చూశాడు. మంచిగనే నేసిండ్రు గానీ గింత ఎడం ఎడం నేస్తే మా సేఠ్ ఉద్యోగం పీకుతడు సార్ అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను. కానీ బీహారు వాళ్ళు రోలును కత్తితో పొడుగునా చీలుస్తుంటే మాత్రం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

మార్చి 8, శనివారం

బీహారు వాళ్ళు హోలీకి ఊరెళ్ళిపోయారు. ఎప్పుడొస్తారో వాళ్ళకే తెలియదు. ఇంకా మూడు బీములున్నాయి, ఆరూ ఏడూ ఎనిమిదీ. సేఠ్ ఫోన్ల మీద ఫోన్లు.

నరహరి తానే ఒక దారి చెప్పాడు. మేమే చేస్తం సార్, ఐదు బీములు చేస్తుంటే కండ్లార చూసిన గద అన్నాడు. ఎలాగూ ఖాళీగా ఉన్న నలుగురు సాంచల వాళ్ళు తోడొస్తారట. సేఠ్ వెంటనే సరేనన్నాడు. నేను కూడా సరేనన్నాను. చెయ్యి తిరిగిన మనుషులు, పైగా బట్ట పని.

మార్చి 10, సోమవారం

మోకాలు గుమ్మడికాయంత అయింది. పల్సానాలో ఇంకో పని చూడటానికి వెళ్తున్నానని సేఠ్‌కి చెప్పి ఇంట్లో పడుకున్నాను. పదకొండింటికి నరహరి ఫోన్ చేసి బట్ట కోయడం గురించి ఏదో అడిగాడు. బట్ట సంగతి నీకు నేను చెప్పేదేముంది నరహరీ, నీ ఇంటి విద్య అన్నాను. మురిసిపోయాడు పాపం. సాయంత్రం పని జరుగుతున్న ఫోటోలు పంపాడు, పైపైన చూశాను.

మార్చి 12, బుధవారం

మోకాలికి ఐసు. నరహరి మూడు బీముల ఫోటోలూ పంపాడు. గార అద్దంలా ఉంది, బీహారు వాళ్ళకన్నా నున్నగా వేశారు. బ్రహ్మాండం.

మార్చి 13, గురువారం

వెళ్ళాను. మూడు బీములకూ తడి గోనెపట్టాలు చుట్టి చక్కగా ఉంచారు. రెండో రోల్లో పంతొమ్మిది మీటర్ల బట్ట మిగిలింది. చూశారా రావ్ సాబ్, మీ బీహారు వాళ్ళు పారబోశారు, మా వాళ్ళు పొదుపు చేశారు అని సేఠ్ నా భుజం తట్టాడు. నరహరిని నలుగురి ముందూ మెచ్చుకున్నాను. అతని చెవులు ఎర్రబడ్డాయి.

తనిఖీ కాగితాలు మూడూ కిందే కుర్చీలో కూర్చుని సంతకం పెట్టేశాను. ఎలాగూ పైన గార కప్పేశారు, నిచ్చెనెక్కి చూసేదేముంది.

మార్చి 30, ఆదివారం

ఉగాది. పచ్చడిలో వేపపువ్వు దండిగా వేసింది పద్మిని. గోనెపట్టాలు తడుపుతున్నారా అని నరహరికి ఫోన్ చేస్తే, పొద్దున ఒకసారి పొద్దుమూకి ఒకసారి తడుపుతున్నం సార్, పండుగ పూట గూడ అన్నాడు. ఇలాంటి మనుషులు దొరకాలంటే పెట్టి పుట్టాలి.

ఏప్రిల్ 7, సోమవారం

సాంచలు ఆడాయి. ఇరవైనాలుగూ. పొద్దున కొబ్బరికాయ కొట్టి మొదటి స్విచ్ నన్నే వేయమన్నాడు సేఠ్. ఆ మోతలో ఎవరి మాట ఎవరికీ వినపడలేదు కానీ అందరి మొహాలూ వెలిగిపోయాయి. నెలన్నరగా కూలి లేని మనుషులు. స్వరాజ్యం నాకు దూద్‌పేడా పెట్టి, మా ఇండ్లల్ల పొయ్యిలు మళ్ళ అంటుకున్నయి సార్ అంది. ఇంటికొచ్చేదాకా నా చెవుల్లో సాంచల మోత ఆగలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

మిగిలిన బట్ట కంపెనీ వాళ్ళు వెనక్కి తీసుకుంటారేమో అడగమని సేఠ్ చెప్పాడు. గోదాములో దాని ముందు నిలబడి కొలత రాసుకున్నాను. పంతొమ్మిది.

తెప్పించింది వంద మీటర్లు. ఒక్కో బీముకు రెండు పొరలు, పన్నెండు మీటర్లు. ఎనిమిది బీములకు తొంభై ఆరు. నాలుగు మీటర్లు మిగలాలి. పంతొమ్మిది మిగిలింది.

పొదుపు చేశారు. ఎలా చేశారు?

అడ్డంగా కోసి. అర మీటరు పైచిలుకు ముక్కలు అడ్డంగా కోసి, బీము పొడుగునా ఒకదాని పక్కన ఒకటి పేర్చి. అలా అయితే ఒక్క దారం వృథా కాదు. ఈ బట్టలో పడుగు పోగులు లావు, పేక పోగులు వాటిలో మూడో వంతు. పేక ఉన్నది పడుగును చెదరకుండా పట్టుకోవడానికే. లావు పోగులు బీము పొడుగునా పోవాలి, ఎందుకంటే బీము వంగితే లాగుడు పడేది ఆ దిక్కునే. ఇప్పుడు ఆరూ ఏడూ ఎనిమిదీ బీముల్లో ఆ దిక్కున ఉన్నది పేక పోగు. పైగా ముక్కలు ముక్కలుగా.

కాకపోవచ్చు. ఒకచోట ముక్క మిగిలి ఇంకోచోట వాడి ఉండొచ్చు. రేపు లెక్క చూస్తాను.

ఏప్రిల్ 9, బుధవారం

మార్చి 10న నరహరి పంపిన ఫోటోలు మొదటిసారి సరిగ్గా చూశాను. ముక్కలే. అడ్డంగానే.

లెక్క వేశాను. ఉండాల్సిన బలం ఒకటైతే ఉన్నది 0.81. సాంచల అదురుకు కలిపిన భాగం తీసేస్తే 1.04. ఒకటి దాటింది. అదురు ఎందుకు తీశానంటే, ముప్ఫై ఏళ్ళుగా అదురుతున్న బీములవి, వాటికి అలవాటే.

ఏప్రిల్ 10, గురువారం

తప్పు నరహరిది. నేను చెప్పింది ఒకటి, అతను చేసింది ఒకటి. ఐదు బీములు కళ్ళారా చూశానన్నాడు కదా, చూసింది ఇదేనా. ఇప్పుడు బయటపెడితే సేఠ్ అతన్ని ఆ పూటే వెళ్ళగొడతాడు, స్వరాజ్యాన్ని కూడా. ఇద్దరి పొట్టా కొట్టినవాణ్ణవుతాను. అతని కోసమైనా తొందరపడకూడదు. బీములు ఒకటికి పైనే ఉన్నాయి కదా.

ఏప్రిల్ 11, శుక్రవారం

కార్ఖానాకి వెళ్ళాను. లోపల ఉక్క, నూలు దుమ్ము, నాకు దగ్గు. గేటు పక్కన వేపచెట్టు నీడలో కుర్చీ వేయించుకుని అక్కడే కాగితాలు చూసుకున్నాను.

ఏప్రిల్ 12, శనివారం

మళ్ళీ లెక్క. 1.04.

ఏప్రిల్ 13, ఆదివారం

ఆదివారమైనా సాంచలు ఆడుతున్నాయి, ఆగిన రోజుల పని పూడ్చుకోవాలట. మధ్యాహ్నం స్వరాజ్యం గేటు దగ్గరికొచ్చి, జొన్నరొట్టె, తోటకూర తెచ్చిన సార్, లోపలికొచ్చి మాతోటి తినుండ్రి అని పిలిచింది. ఇక్కడే బాగుందమ్మా గాలి అన్నాను. ఆవిడే పళ్ళెంలో పెట్టి బయటికి తెచ్చింది. తోటకూరలో వెల్లుల్లి బాగా వేసింది. సగం తిన్నాను.

పద్మిని అడిగింది, నాలుగు రోజులుగా అన్నం మీద మనసు లేదు ఏమైంది అని. ఎండలు అన్నాను. ఎండలు నాకు కూడా ఉన్నాయి అంది.

ఏప్రిల్ 14, సోమవారం

నరహరి ఫోన్ చేసిన రోజు ఏమడిగాడో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. గుర్తు రాలేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

వచ్చింది.

"సార్, అడ్డం కోస్తే ముక్క వృథా పోదు, గట్లనే కొయ్యమంటరా?" అని అడిగాడు. ఇంచుమించు అవే మాటలు. నేను టీవీ చూస్తూ, మోకాలి మీద ఐసు సంచి సర్దుకుంటూ, బట్ట సంగతి నీకు నేను చెప్పేదేముంది అన్నాను. ఆ పేజీ వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఏదో అడిగాడు అని రాసుకున్నాను. ఏదో. ఏడ్చినట్టుంది నా రాత.

సాయంత్రం నరహరి గేటు దగ్గరికొచ్చి, ఆరో నంబరు కింద వెంట్రుకంత గీత పడ్డది సార్, జర చూడుండ్రి అన్నాడు. గుమ్మంలో నిలబడి చూశాను. అక్కణ్ణించి కూడా కనిపించింది, బీము సరిగ్గా నడిమధ్యన. గార ఆరినప్పుడు అలా బిగుసుకుంటుందిలే, ఏం కాదు అన్నాను. స్వరాజ్యం తన స్టూలెక్కి గీత రెండు కొసల్లోనూ సుద్దముక్కతో గుర్తు పెట్టింది. పాకిందంటే తెలుస్తది గద అంది. ఆవిడ నన్ను అడగలేదు కూడా.

ఏప్రిల్ 16, బుధవారం

గీత సుద్ద గుర్తు దాటింది. రెండు పక్కలా, నాలుగేసి వేళ్ళ మేర. నరహరి ఫోటో పంపాడు. మధ్యాహ్నం వస్తున్నానన్నాను. వెళ్ళలేదు.

ఇప్పుడు మళ్ళీ లెక్క వేయలేదు. వేయడం చేతకాక కాదు. అదురు తీసేసి లెక్కగట్టినవాణ్ణి నా దగ్గర పనిచేసే కుర్రఇంజనీరు ఎవడైనా అయ్యుంటే కాగితం వాడి మొహాన కొట్టి ఉండేవాణ్ణి. హజీరాలో అలా ఎందరి మొహాన కొట్టానో.

ఏప్రిల్ 17, గురువారం

పొద్దున ఏడున్నరకే వెళ్ళి, ఆ మూడు బీముల మీద ఉన్న తొమ్మిది సాంచలూ ఆపించాను. కింద మనుషులందర్నీ బయటికి పంపించాను. అక్కడికక్కడే ఇనప జాకీలు తెప్పించి బీముల కింద బిగించేసరికి పదకొండయింది. ఈలోపల సేఠ్ వచ్చాడు, అరుపులు మొదలుపెట్టాడు.

అందరూ ఉండగానే చెప్పాను. బట్ట అడ్డంగా కోశారని, అందుకే బలం చాల్లేదని, గార కొట్టేసి కొత్త బట్ట మళ్ళీ వేయాలని. పైనే ఇంకో పొర వేస్తే పోదా అన్నాడు సేఠ్. చిట్లిన పొర మీద ఇంకో పొర వేస్తే అది కూడా దాంతోపాటే ఊడుతుందన్నాను. సేఠ్ నరహరి వైపు తిరిగాడు. నరహరి ముందుకొచ్చి, నేనే కోసిన సేఠ్, సార్‌కు ఎరుక లేదు అన్నాడు హిందీలో. నన్ను ఫోన్లో అడిగే కోశాడు, నేనే అలా కొయ్యమన్నాను, తప్పు నాది అన్నాను. ఆ మాట అనగానే ఒంట్లో బరువంతా దిగిపోయింది. సేఠ్ నా మొహంలోకి చూసి, ఈ రోజుల్లో ఇలా ఎవరు ఒప్పుకుంటారు అన్నాడు. అరుపులు ఆపేశాడు.

అందరూ వెళ్ళాక నరహరి ఒక్కడే మిగిలాడు. "ఎప్పటి సంది ఎరుక సార్ మీకు?" అని అడిగాడు.

"నిన్నటి నుంచి" అన్నాను.

గీత గుర్తు దాటింది నిన్ననే కదా. ఒక రకంగా నిజమే.

ఏప్రిల్ 19, శనివారం

బ్రేకరు పెట్టి గార కొట్టేస్తున్నారు. చేసినవాళ్ళే కొట్టేస్తున్నారు, అదీ చిత్రం. ఆగిన సాంచల మీద పనిచేసేవాళ్ళకి మళ్ళీ నెల రోజులు కూలి లేదు. ఒకరిద్దరు భివండీ సాంచలకి వెళ్ళిపోతామంటున్నారు. అయినా నన్ను ఒక్క మాట అనలేదు ఎవరూ. టీ వస్తే ముందు నాకే ఇస్తున్నారు. తిడితే బాగుండేది.

ఏప్రిల్ 22, మంగళవారం

నరహరి అందరికీ ఒకటే చెబుతున్నాడు. సార్ నిన్న తెలిసి ఇయాల చెప్పిండు, వేరేటోడైతే మనం చచ్చినంక గూడ చెప్పకపోవు అని. ఇది మూడోసారి వినడం. మొదటిసారి విననట్టు ఊరుకున్నాను. రెండోసారి దగ్గొచ్చింది. ఇవాళ అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయాను.

ఏప్రిల్ 23, బుధవారం

ఎనిమిదో తేదీ నుంచి పదిహేడు దాకా. తొమ్మిది రోజులు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా తొమ్మిదే వస్తోంది, అందులోంచి తీసేయడానికి అదురు కూడా లేదు.

పద్మినికి చెప్పాను. మొత్తం. ఆవిడ వింటూ చేతిలో చిక్కుడుకాయలు ఈనెలు తీయడం ఆపలేదు. అంతా అయ్యాక, ఇదంతా నాకెందుకు చెబుతున్నారు, నేనేమైనా ఆ బీము కింద కూర్చున్నానా అంది. తర్వాత మోకాలికి కాపడం పెట్టింది. మోకాలి సంగతి ఫిబ్రవరి నుంచీ తెలుసట.

ఏప్రిల్ 26, శనివారం

కొత్త రోలు వచ్చింది. ఈసారి పొడుగునా చీల్చాలని చెప్పాను. చెప్పడం కాదు, నేలమీద కూర్చుని సుద్దతో గీత గీసి, ఎందుకో కూడా చెప్పాను. లావు పోగు ఏది, సన్నపోగు ఏది, బీము వంగితే ఏది మోస్తుంది అని. నరహరి అంతా విన్నాడు.

"పడుగు మోస్తది, పేక నింపుతది. గది మాకెరుకే సార్" అన్నాడు. "గానీ బట్టను నిలువున చీరుడు మా ఇంట్ల లేదు. సాంచ మీద తాను అయిపోతే అడ్డం కోసి దించుతం. నిలువున చీరితే అంచు పోతది, అంచు పోయిన బట్ట పీనుగ మీదికే. మా నాయిన సంది గంతే. గందుకే మిమ్ముల అడిగిన."

అందుకే అడిగాడట. నేను మురిపించి ఫోను పెట్టేశాను.

అతను కత్తి తీసుకుని రోలు మొదట్లో పెట్టి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత చీల్చాడు. ఆరు మీటర్లు తిన్నగా, ఒక్క పోగు కూడా వంకర పోకుండా. ఆ చప్పుడు వినలేక పక్కనున్న ఇద్దరు బయటికి వెళ్ళారు. రెండో ముక్క చీలుస్తుండగా చెప్పేశాను. ముందనుకున్న మాటలేవీ రాలేదు.

"నరహరీ, నాకు తెలిసింది ముందురోజు కాదు. ఎనిమిదో తారీఖు. సాంచలు మొదలుపెట్టిన మర్నాడే. తొమ్మిది రోజులు చెప్పలేదు."

కత్తి ఆగలేదు. ఆ ముక్క చివరిదాకా చీల్చి, చుట్ట చుట్టి, పక్కన పెట్టాడు. కోపంతో ఏదైనా అంటాడనుకున్నాను. అంటే పడదామనే ఉన్నాను. చేతికి అంటిన గాజు నూగు దులుపుకుంటూ, నా మొహంలోకి చూడకుండా అన్నాడు.

"కింద కూసున్నది నేను కాదు గద సార్. స్వరాజ్యానికి మీరే చెప్పుండ్రి."

స్వరాజ్యం కండెల మిషను ఇప్పుడు మొదటి బీము కింద పెట్టారు. నేను వెళ్తుంటే చూసి మిషను ఆపి, లేచి నా కోసం స్టూలు జరిపింది. కూర్చోలేదు. ఆవిడకి అదే చెప్పాను. ఎనిమిదో తారీఖు అన్నాను, తొమ్మిది రోజులు అన్నాను, నువ్వు దాని కింద కూర్చుంటావని తెలిసే చెప్పలేదన్నాను. ఆవిడ ఒక కండె చేతిలోకి తీసుకుని దాని కొస పోగు వెతుక్కుంది.

"గా దినాలల్ల మీరు లోపలికి రాలే సార్" అంది. "బువ్వకు పిలిస్తే గూడ రాలే. గుమ్మంలనే నిలబడ్డరు. మోకాలు నొస్తుందేమో, పెద్దమనిషి, అడుగు పడుతలేదేమో అని నేను మస్తు బాధపడ్డ." కండె మిషనుకు తగిలించింది. "మోకాలు కాదా?"

"కాదమ్మా" అన్నాను.